తోకచుక్క తెచ్చే కబురు ఎంతవరకు నిజం?

సుదూర నక్షత్రాల మధ్య నుండి ఒక తోకచుక్క మన సూర్యుని వైపు దూసుకువస్తోందన్న వార్త 2025 జులైలో వెలువడింది. ఆ నెల 1వ తేదీన చిలీ దేశంలోని అట్లాస్ దుర్భిణి దానిని పసిగట్టింది. శాస్త్రజ్ఞులు దానికి ‘3ఐ/అట్లాస్’ అని పేరు పెట్టారు. మన సౌర కుటుంబానికి చెందకుండా బయటి నుండి వచ్చినట్టు ఇంతవరకు గుర్తించిన అతిథుల్లో అది మూడవది. మొదటిది 2017లో కనిపించిన ఓమువామువా, రెండవది 2019 నాటి బోరిసోవ్. గంటకు సుమారు 2 లక్షల 20 వేల కిలోమీటర్ల వేగంతో వస్తున్న ఆ చుక్క గురించి చేతి ఫోన్లలో అంతకన్నా వేగంగా ఊహాగానాలు బయలుదేరాయి. అది అన్యలోకవాసుల నౌక అన్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆవీ లోబ్ అటువంటి అవకాశాన్ని ప్రస్తావించడంతో ఆ మాటకు బలం వచ్చింది. అది దారి మార్చుకుని భూమి మీదికి వస్తుందన్నారు. మరికొందరు మరో అడుగు ముందుకు వేసి, ఇది ప్రళయ సూచన అని తేల్చేశారు.

జరిగిందేమిటి? అక్టోబరు చివరి రోజుల్లో అది సూర్యునికి అతి సమీపంగా వెళ్లింది. డిసెంబరు 19న భూమికి అతి దగ్గరగా వచ్చింది. ఆ ‘దగ్గర’ సుమారు 27 కోట్ల కిలోమీటర్లు. సూర్యుడు మనకున్న దూరం 15 కోట్ల కిలోమీటర్లు. అంటే అది సూర్యుని కన్నా ఎంతో దూరంగా సాగిపోయిందన్నమాట. భూమికి ముప్పు లేదని శాస్త్రజ్ఞులు మొదటి నుండీ లెక్కగట్టి చెబుతూనే ఉన్నారు. లెక్క నిజమైంది, ఊహ వీగిపోయింది. అయినా ఊహను ప్రచారం చేసినవారు ఆ తర్వాత మాట సవరించుకున్నట్టు కనిపించదు. తదుపరి చుక్క వచ్చేవరకు మౌనం వహించడం వారికి అలవాటే.

ఈ భయం కొత్తది కాదు. మన ప్రాంతంలో దాని జాడలు వెదకవచ్చు. శారదా నదీ తీరాన ఉన్న కశింకోటనే తీసుకుందాం. నేడు అనకాపల్లి పక్కన జాతీయ రహదారి మీద కనిపించే ఈ ఊరికి ఒకనాడు చాలా పెద్ద పేరుండేది. ఉత్తర సర్కారుల కాలంలో శ్రీకాకుళం సర్కారును మూడు భాగాలుగా విభజించి పాలించారు; అందులో ఒక భాగానికి కశింకోట కేంద్రం. ఆ తర్వాత ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1910 వేసవిలో ఆకాశంలో హేలీ తోకచుక్క వెలిగినప్పుడు ఈ జిల్లా ప్రజలూ దానిని చూశారు.

ఆ సంవత్సరం ప్రపంచమంతా అల్లకల్లోలమైంది. ఫిబ్రవరిలో అమెరికా శాస్త్రజ్ఞులు హేలీ కాంతిని పరిశీలించి, దానిలో సయనోజెన్ అనే విషవాయువు ఉన్నట్టు కనుగొన్నారు. మే 18, 19 తేదీల మధ్య భూమి ఆ తోకచుక్క తోకలోంచి వెళ్లవచ్చన్న లెక్క కూడా వచ్చింది. ఈ రెండు నిజాలను పక్కపక్కన పెట్టగానే మూడవదిగా ఒక అబద్ధం పుట్టింది. విషవాయువు భూమినంతా కమ్మి ప్రాణికోటిని చంపేస్తుందన్నది ఆ అబద్ధం. ఫ్రాన్సు ఖగోళవేత్త కమీల్ ఫ్లమారియన్ పేరు మీద పత్రికలు ఆ మాటను లోకమంతా చాటాయి. పాశ్చాత్య నగరాల్లో కొందరు తలుపుల సందులు మూసుకున్నారు, తాళపు రంధ్రాల్లో గుడ్డలు కుక్కుకున్నారు. ‘తోకచుక్క మాత్రలు’ అమ్మి సొమ్ము చేసుకున్నవారూ ఉన్నారు. మే 19 గడిచింది. ఎవరికీ తలనొప్పి కూడా రాలేదు.

కారణం తేలిగ్గా అర్థమయ్యేదే. తోకచుక్క అంటే మంచు, ధూళి, రాతి రేణువులు కలిసిన ఒక ముద్ద. సాధారణంగా దాని అసలు శరీరం కొద్ది కిలోమీటర్ల పరిమాణానికి మించదు. సూర్యుని వేడికి మంచు ఆవిరై, ధూళిని వెంటబెట్టుకుని బయటికి చిమ్ముతుంది. సూర్యుని కాంతి, సూర్యుని నుండి వీచే కణాల గాలి ఆ ఆవిరినీ ధూళినీ వెనక్కి నెట్టగా కోట్ల కిలోమీటర్ల పొడవున తోక ఏర్పడుతుంది. అంత పొడవున్నా అది ఎంత పలుచన అంటే, ప్రయోగశాలలో గాలి తీసేసిన గాజు బుడ్డిలో మిగిలే గాలి కూడా దానికన్నా చిక్కగా ఉంటుంది. హేలీలో కనిపించిన ఆ వాయువే 3ఐ/అట్లాస్‌లోనూ కనిపించింది. ఆనాడు మాత్రలు అమ్మినవారు ఇప్పుడుంటే మళ్లీ అమ్మేవారు.

1910లోనే మరొక సంఘటన జరిగింది. మే 6న బ్రిటిషు చక్రవర్తి ఏడవ ఎడ్వర్డ్ మరణించాడు. ఆకాశంలో తోకచుక్క, నేల మీద రాజు మరణం. రెంటినీ ముడిపెట్టేందుకు జనానికి అంతకన్నా ఏం కావాలి? తోకచుక్క పుడితే రాజు గతిస్తాడన్న పాత నమ్మకానికి మరో ఉదాహరణ దొరికింది. చక్రవర్తి అప్పటికే చాలాకాలంగా ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడుతున్నాడన్న సంగతి ఆ ముడిలో కనిపించకుండా పోయింది.

సరిగ్గా ఇటువంటి ముడినే మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) తన చేతులతో విప్పివేశారు. హిజ్రీ 10వ సంవత్సరంలో ఆయన ముద్దుబిడ్డ ఇబ్రాహీం (రజి) పసిప్రాయంలోనే కన్నుమూశారు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ గణన ప్రకారం అది క్రీ.శ. 632 జనవరి 27. ప్రవక్త కుమారుని మరణానికి సూర్యుడు కూడా దుఃఖించాడని మదీనా ప్రజలు అనుకోసాగారు. ఆ మాటలో ద్వేషం లేదు, ప్రేమే ఉంది. దైవప్రవక్త (స) మౌనంగా ఉండి ఉంటే చాలు, ఆ నమ్మకం తరతరాలు నిలిచిపోయేది. కాని పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనల్లో రెండు సూచనలని, ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదని ప్రజలకు స్పష్టంగా చెప్పారు. గ్రహణం చూసినప్పుడు నమాజు చేయమని, అల్లాహ్‌ను వేడుకోమని బోధించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఈ సంఘటన ఉంది.

తోకచుక్కకు మరింత దగ్గరగా వచ్చే హదీసు ముస్లిం గ్రంథంలో మరొకటి ఉంది. ఒక రాత్రి దైవప్రవక్త (స) సమక్షంలో అనుచరులు కూర్చుని ఉండగా ఆకాశంలో ఒక చుక్క రాలి వెలిగింది. అజ్ఞాన కాలంలో దీన్ని చూసి ఏమనుకునేవారని ఆయన అడిగారు. ఈ రాత్రి గొప్పవాడెవడో పుట్టాడనో చనిపోయాడనో అనుకునేవాళ్లమని వారు బదులిచ్చారు. ఎవరి చావు పుట్టుకలతోనూ దానికి సంబంధం లేదని ఆయన చెప్పారు. ఆ తర్వాత ముస్లిం సమాజం ఈ బోధను ఎల్లవేళలా గుర్తుంచుకున్నదా అంటే, లేదనే చెప్పాలి.

1577లో ఉస్మానియా రాజధాని ఇస్తాంబుల్‌లో తఖియుద్దీన్ అనే మహా ఖగోళవేత్త పర్యవేక్షణలో గొప్ప వేధశాల వెలసింది. అదే సంవత్సరం నవంబరులో పెద్ద తోకచుక్క కనిపించింది. సుల్తాన్ మూడవ మురాద్‌కు అది శుభసూచన అని, పారశీకులపై యుద్ధంలో విజయం తథ్యమని తఖియుద్దీన్ జోస్యం చెప్పాడు. ఆ తర్వాత ప్లేగు వ్యాపించింది; ప్రముఖులు కొందరు మరణించారు. 1580 జనవరిలో సుల్తాను ఆజ్ఞతోనే ఆ వేధశాలను నేలమట్టం చేశారు. దర్బారులోని కక్షలు కూడా అందుకు కారణమని చరిత్రకారులు చెబుతారు. అదే తోకచుక్కను డెన్మార్కులో టైకో బ్రాహి అనే శాస్త్రజ్ఞుడు రాత్రి తర్వాత రాత్రి కొలిచి, అది చంద్రుని కన్నా ఎంతో దూరంలో ఉందని నిరూపించాడు. తోకచుక్కలు భూమి వాతావరణంలో పుట్టే ఆవిర్లన్న రెండు వేల ఏళ్ల నాటి అభిప్రాయం ఆ కొలతతో కూలింది. పరికరాల విషయంలో ఇస్తాంబుల్ ఏమాత్రం తీసిపోలేదు. టైకో సైతం జోస్యాలు చెప్పినవాడే. కాని లోకానికి మిగిలింది అతని జోస్యం కాదు, అతని కొలత. ఇస్తాంబుల్‌లో మాత్రం వేధశాల భవితవ్యమే జోస్యంతో ముడిపడింది. తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

తెలుగు నేల మీద కూడా ఈ రెండు దారులూ ఉన్నాయి. కశింకోటకు కొద్ది దూరంలో, విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో 1840లో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు. 1856లో ఆయన గతించాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపి, 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని పరిశీలించారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుండి పెద్ద దుర్భిణి తెప్పించి నిజామియా వేధశాలకు పునాది వేశారు. ఆ వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడు, నిజాం కాలేజీలో చదివిన వైనూ బప్పు, 1949లో అమెరికాలో చదువుకుంటుండగా ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు. దానికి బప్పు–బాక్–న్యూకర్క్ అని పేరు వచ్చింది. దుర్భిణి పక్కన పెరిగిన పిల్లవాడికి తోకచుక్క భయం కాలేదు, పేరు తెచ్చింది. ఇక, నేటి అనకాపల్లి జిల్లాలోని ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ అప్పారావు 1910లో రాసిన ‘ముత్యాల సరములు’లో హేలీ తోకచుక్క కీడుకు గుర్తుగా కాక, రానున్న సంఘసంస్కరణకు పతాకగా కనిపిస్తుంది. అది కవి భావన, శకునం కాదు. అయినా చుట్టూ జనం భయపడుతున్న రోజుల్లో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి.

రెండవ దారి కూడా చూడండి. 1979లో అమెరికా అంతరిక్ష ప్రయోగశాల ‘స్కైలాబ్’ కూలుతుందన్న వార్త వచ్చినప్పుడు తెలుగు పల్లెల్లో ఇక రోజులు దగ్గరపడ్డాయని మేకలనూ కోళ్లనూ కోసుకు తిన్నవారు, ఉన్నది అమ్ముకుని ఖర్చు చేసినవారు ఉన్నారని ఆనాటి పెద్దలు నేటికీ చెబుతారు. జులై 11న దాని శకలాలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఉన్నది అమ్ముకున్నవారి నష్టం మాత్రం వారికే మిగిలింది. ఇంతకన్నా దారుణం 1997లో అమెరికాలో జరిగింది. హేల్–బాప్ తోకచుక్క వెనుక ఒక నౌక వస్తోందని, అది తమను పైలోకానికి తీసుకువెళుతుందని నమ్మి ఒక సంఘానికి చెందిన 39 మంది ప్రాణాలు తీసుకున్నారు. ఊహాగానం వినోదం కోసమే కదా అనేవారు ఈ సంఖ్యను గుర్తుంచుకోవాలి.

ముస్లిం కుటుంబాల్లో ఈ భయం ధర్మం పేరుతో ప్రవేశిస్తుంది. అందుకే దాన్ని ఎదిరించడం కష్టం. తోకచుక్క తోకను చూపించి, ఇదే దుఖాన్ సూరాలో చెప్పిన పొగ అనేవారున్నారు. ఈ పొగ గురించి ప్రవక్త అనుచరుల మధ్యనే వేర్వేరు వివరణలున్నాయి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) దృష్టిలో అది గడిచిపోయిన విషయం. కరువు కాలంలో ఖురైషీయులకు ఆకలితో ఆకాశం పొగలా కనిపించడమే అది. ఇతరులు దానిని ప్రళయానికి ముందు రానున్న సూచనగా చెప్పారు. ఒక వ్యక్తి ఈ విషయం మీద ఇష్టం వచ్చినట్టు మాట్లాడుతున్నాడని విన్నప్పుడు, ఆనుకుని ఉన్న ఇబ్నె మస్ఊద్ (రజి) కోపంతో లేచి కూర్చుని, తెలిసినవాడు చెప్పాలని, తెలియనివాడు అల్లాహ్‌కే బాగా తెలుసు అనాలని హెచ్చరించారని బుఖారీలో ఉంది. తెలియనిదాన్ని తెలియదనడం కూడా జ్ఞానమేనని ఆయన భావం. పొగ గతమైనా భవిష్యత్తయినా, దానిని ఫలానా తోకచుక్కకు అతికించే అధికారం ఎవరికీ లేదు. ప్రళయ ఘడియ జ్ఞానం అల్లాహ్ వద్ద మాత్రమే ఉందని దివ్య ఖుర్‌ఆన్ ఆరాఫ్ సూరా 187వ వాక్యంలో తేటతెల్లం చేస్తోంది.

2020 రమజానులో జరిగింది గుర్తుందా? కరోనా వల్ల మస్జిదుల తలుపులు మూసి ఉన్నాయి. అట్లాస్ పేరుతోనే మరొక తోకచుక్క మే నెలలో కంటికి కనిపిస్తుందని అంతకుముందు ఆశించారు, కాని అది వసంతంలోనే ముక్కలైపోయింది. అదే సమయంలో, రమజాను మధ్యలో శుక్రవారం వస్తే ఆకాశం నుండి భయంకర శబ్దం వెలువడుతుందన్న ఒక ‘హదీసు’ ఫోన్ల ద్వారా ఇంటింటికీ చేరింది. మే 8 శుక్రవారం అన్నారు. ఇమాం ఇబ్నుల్ జౌజీ శతాబ్దాల క్రితమే ఆ ఉల్లేఖనాన్ని కల్పిత హదీసుల గ్రంథంలో చేర్చారు. పోనీ, లెక్కయినా కుదిరిందా? సౌదీలో ఆ రోజు రమజాను 15. మన ప్రాంతంలో ఉపవాసాలు ఏప్రిల్ 25న మొదలయ్యాయి. కనుక 15వ రోజు శనివారమైంది. సందేశం పంపినవారు గోడ మీద క్యాలెండరు కూడా చూడలేదు.

ఆకాశం నుండి శబ్దం వస్తుందని ఎదురుచూసిన ఆ వారంలోనే, మే 7 గురువారం తెల్లవారుజామున సహరీ వేళకు కాస్త అటూఇటూగా, విశాఖపట్నం గోపాలపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక రసాయన కర్మాగారం నుండి స్టైరీన్ వాయువు వెలువడింది. నిద్రలోనే జనం ఊపిరాడక కూలిపోయారు. 12 మంది మరణించారు, వందలాది మంది ఆసుపత్రి పాలయ్యారు. 1910లో ఆకాశం నుండి వస్తుందని లోకం భయపడిన విషవాయువు 110 ఏళ్ల తర్వాత నేల మీది ట్యాంకు నుండి వచ్చింది. దానికి ఏ శకునమూ లేదు. ట్యాంకులో ఉష్ణోగ్రత అదుపు తప్పడమే కారణం. కశింకోట ఉన్న అనకాపల్లి జిల్లాలోనే, అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఔషధ పరిశ్రమలో 2024 ఆగస్టు 21న జరిగిన పేలుడులో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ ప్రాంతపు కుటుంబం ఆందోళన చెందవలసి వస్తే, ఇంటికి ఎంత దూరంలో ఏ రసాయనం నిల్వ ఉంది, సైరను మోగితే ఎటు వెళ్లాలి, గాలి ఎటు వీస్తోంది అన్న ప్రశ్నలే ముందు రావాలి.

2014 అక్టోబరు మరీ విచిత్రమైన ఉదాహరణ. ఆ నెల 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటి ఈ జిల్లాలను చెల్లాచెదురు చేసింది. ఆ పేరును సూచించింది ఒమన్ దేశం. సరిగ్గా వారం తర్వాత, 19న, సైడింగ్ స్ప్రింగ్ అనే తోకచుక్క అంగారక గ్రహానికి సుమారు 1 లక్షా 40 వేల కిలోమీటర్ల దూరంలో, అంటే మనకూ చంద్రునికీ ఉన్న దూరంలో దాదాపు మూడవ వంతులో దూసుకుపోయింది. శ్రీహరికోట నుండి వెళ్లిన మన మంగళ్‌యాన్ అప్పటికి అక్కడికి చేరి నెల కూడా కాలేదు. తోకచుక్క ధూళి తగలకుండా శాస్త్రజ్ఞులు ముందుగా లెక్కగట్టి దాని కక్ష్యను సవరించారు. నౌక క్షేమంగా బయటపడింది. ఇక్కడ తుఫాను దారిని వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పినందువల్ల లక్షలాది మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగారు. ఆకాశంలోనూ నేల మీదా కాపాడింది సరైన సమాచారమే.

హుద్‌హుద్ పేరు వినగానే నమల్ సూరాలోని హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) గాథ గుర్తుకు రాక మానదు. ఆ పక్షి సబా దేశం నుండి నిశ్చయమైన వార్త తెచ్చానని చెప్పుకుంది. సులైమాన్ (అలై) దాని మాటను కొట్టివేయలేదు, వెంటనే నమ్మనూ లేదు. నీవు నిజం చెప్పావో అబద్ధం చెప్పావో చూస్తామని లేఖ ఇచ్చి పంపారు. ఒక ప్రవక్త, అందులోనూ పక్షుల భాష తెలిసిన ప్రవక్త, వార్తను ఈ విధంగా పరీక్షించారు. హుజురాత్ సూరా 6వ వాక్యం కూడా వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే నిర్ధారించుకోమంటుంది. లేకుంటే తెలియక ఇతరులకు నష్టం కలిగించి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హెచ్చరిస్తుంది. ఫోనులో వచ్చిన సందేశాన్ని ముందుకు పంపే వేలికి ఈ ఆయతు వర్తించదని ఎవరనగలరు?

అయితే తోకచుక్కల వల్ల అసలు ప్రమాదమే లేదని చెప్పడం కూడా నిజం కాదు. 1994 జులైలో షూమేకర్–లెవీ 9 అనే తోకచుక్క ముక్కలు ఇరవైకి పైగా గురు గ్రహాన్ని ఢీకొన్నాయి. ఆ మచ్చలు భూమి నుండి చిన్న దుర్భిణుల్లో కూడా కనిపించాయి. అటువంటిది భూమికి తగిలితే ఉపద్రవమే. కనుకనే శాస్త్రజ్ఞులు ఆకాశాన్ని రాత్రింబవళ్లు గాలిస్తున్నారు. స్విఫ్ట్–టటిల్ అనే 26 కిలోమీటర్ల భారీ తోకచుక్క 1992లో వచ్చినప్పుడు, 2126 ఆగస్టులో అది మళ్లీ వచ్చి భూమిని ఢీకొనవచ్చేమోనన్న అనుమానం కొంతకాలం ఉండేది. పాత పరిశీలనలు కలిపి మళ్లీ లెక్కించగా ఆ అనుమానం తొలగింది. అప్పుడు అది సుమారు 2 కోట్ల 30 లక్షల కిలోమీటర్ల దూరంలో వెళుతుంది. చంద్రుడున్న దూరానికి దాదాపు 60 రెట్లు.

పిల్లలు అడిగినప్పుడు ఏం చెప్పాలన్నది ఎందరో తల్లుల సమస్య. ‘అమ్మీ, చుక్క మన మీద పడుతుందా?’ అని పిల్లవాడు అడిగితే కసిరి పడుకోబెట్టడం సులభం. దానికి బదులు మేడ మీదికి తీసుకువెళ్లి చూపించండి. దూరం ఎంతో చెప్పండి. ఆకాశం కూడా ఆయన సృష్టే అని, ఆయన ఆజ్ఞ లేకుండా ఏదీ కదలదని చెప్పండి. గాలి హోరెత్తినా, భూమి కంపించినా, పగలే చీకటి కమ్మినా ఎవరికి వారు నఫిల్ నమాజు చేసుకోవచ్చని హనఫీ ఫిఖహ్ గ్రంథాలు చెబుతున్నాయి. మనసుకు భయం కలిగితే అది మంచి ఆశ్రయం. పెళ్లి తేదీ మార్చడం, ప్రయాణం మానడం, తాయెత్తు కొనడం మాత్రం ఆ గ్రంథాల్లో లేవు.

ఒకప్పుడు 2126 భయం పుట్టించిన ఆ స్విఫ్ట్–టటిల్ వదిలి వెళ్లిన ధూళిలోంచి భూమి ఏటా వెళుతుంది. ఇసుక రేణువులంత కణాలు గాలిలో కాలి, ఆగస్టు 12, 13 తేదీల అర్ధరాత్రి దాటాక ఈశాన్యం వైపు నుండి ఉల్కలుగా రాలుతాయి. వానాకాలం కాబట్టి మబ్బులు అడ్డుపడవచ్చు. శారదా తీరంలో వీధి దీపాలు లేని చోట, మబ్బు విడిన రాత్రి ఫజ్ర్‌కు ముందు లేచినవారు ఎన్నో చూడగలరు. హేలీ తోకచుక్క 2061 జులైలో మళ్లీ సూర్యుని చేరువకు వస్తుంది. ఇప్పుడు మక్తబ్‌కు వెళ్లే పిల్లలు అప్పటికి నడివయసులో ఉంటారు, తమ పిల్లల ప్రశ్నలకు జవాబు చెబుతూ.